లోపలి మూల

ఆ మూలలో పదకొండేళ్లు
ఒక వాషింగ్ మెషీన్ నిలబడింది,
చివరి నాలుగేళ్లు ఊరికే.
మీద పాత పేపర్లు, ఉల్లిగడ్డల బుట్ట,
ఎవరిదో తెలియని హెల్మెట్.
మొన్న కబాడీ అతను దాన్ని మెట్లమీదుగా దించుకుపోయాక
గోడమీద ఒక చతురస్రం బయటపడింది,
మేం ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన నాటి రంగులో.

చాప కూడా లేకుండా అక్కడ కూచుని చూశాను.
కిటికీ సరిగ్గా ఎడమ భుజం దగ్గర.
మౌలాలి గుట్ట అంచు కొంచెం,
పక్క బిల్డింగు నీళ్ల ట్యాంకు చాలా.

బెంచీ కావాలన్నాను.
విడి కుర్చీలు కాదు,
రెండు గోడల్నీ పట్టుకుని మలుపు తిరిగే బెంచీ,
వీపుకి మెత్త, కింద మూతల పెట్టె.
ఎక్కడ చూశావన్నాడు నరహరి.
సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట, ఇప్పుడు లేని ఒక హోటల్లో,
నర్సింగ్ పరీక్ష ఫీజు కట్టి వస్తూ
నేనొక్కదాన్నే మూల సీట్లో ఒదిగి
చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ గంటసేపు కూచుంటే
ఎవరూ లెమ్మనలేదు.
అదంతా చెప్పలేదు.
ఎక్కడో చూశాన్లే అన్నాను.

యాదగిరిచారి చెవి వెనక పెన్సిల్‌తో వచ్చాడు.
"సీటు ఎత్తు పద్దెనిమిది, మెత్తతోని కలిపి.
లోతు ఇరవై. ఇంకా పెంచితే నీ కాళ్లు యాలాడతయి.
వీపు పలక జర ఎనక్కి వాలాలె,
నిటారుగ పెడితే కోర్టు బోన్ల ఉన్నట్టుంటది.
టేబుల్‌కు నాలుగు కాళ్లొద్దు, నడుమ ఒక్కటే స్తంభం.
లేకుంటే లోపలికి జరిగేటోళ్ల మోకాళ్లు
రోజూ నన్ను తిట్టుకుంటయి."

బోయిగూడ అడితిలో చెక్క దొరికింది.
రెక్సిన్ రంగు దగ్గర పని మూడురోజులు ఆగింది.
ముక్త సముద్రం రంగంది,
నరహరి ఏదైనా సరే అని, ప్రతిదానికీ మొహం చిట్లించాడు.
"ఏది ఒలికితే ఆ రంగు తీసుకోండి" అంది అత్తమ్మ.
చింతపండు రంగు తెచ్చాం.

అప్పుడు చారి నేలమీద సుద్దతో గీతలు గీసి
మా నలుగురికీ చోట్లు పంచాడు.
"ఈ కొసకు నువ్వమ్మా, పొయ్యి దిక్కు.
లేసుడు, వడ్డించుడు అలకగ ఉంటది."
అందరూ తలూపారు. నా తల కూడా సగం ఊగింది.

నాది లోపలి మూల, అన్నాను.

"అండ్ల కూసుంటే ఎవరో ఒకరు లేస్తెగాని
నువ్వు బయట పడలేవమ్మా."
తెలుసు.

చారి కాసేపు సుద్దగీతనే చూశాడు.
పెన్సిల్ తీసి పలకమీద ఏదో రాసుకున్నాడు.
"అయితే ఆడ స్పాంజి ఒక అంగుళం ఎక్కువ ఏస్త."

ఇరవై రెండేళ్లు గట్టుకి ఆనుకుని
కంచం చేత్తో పట్టుకుని తిన్నాను.
ఎవరూ నిలబడి తినమనలేదు, నిజమే.
వార్డులో పన్నెండు గంటలు నిలబడే కాళ్లకి
ఇంటికొచ్చాక కూడా అదే అలవాటు.

మొదటి రాత్రి గోకరకాయ కూర, పచ్చిపులుసు.
పచ్చిపులుసులో ఉప్పు తక్కువ.
మూడు జతల కళ్లు నావైపు తిరిగాయి.
నేను ముద్ద కలుపుతున్నాను.
అత్తమ్మ తన మోకాళ్లవైపు చూసుకుంది,
ముక్త తండ్రివైపు చూసింది.
నరహరి లేచాడు.
మొదటి సొరుగులో కొవ్వొత్తులు, రబ్బరు బ్యాండ్లు.
రెండోదాంట్లో కరెంటు బిల్లులు.
"ఉప్పెక్కడ?"
హార్లిక్స్ సీసాలో.
"హార్లిక్స్ ఎక్కడ?"
అత్తమ్మకి నవ్వాగక పొలమారింది.

నా కంచంలో అన్నం ఇంకా పొగలు కక్కుతోంది.
కిటికీ గాజుమీద ఒక చిన్న మబ్బు పట్టింది.
వేలితో తుడిచాను, మళ్లీ పట్టింది.

ఒక్క లోపం.
గోడకీ వీపు పలకకీ మధ్య అర అంగుళం సందు మిగిలింది.
పట్టీ కొడతానన్న చారి ఇంకా రాలేదు.
రెండు చెంచాలు, ముక్త పెన్ను అందులోకి జారిపోయాయి,
సరిగ్గా నా వీపు వెనక.
తీయాలంటే అందరూ లేవాలి.
తొందరేం లేదన్నాను.